మనవల పెంపకం, పెద్దల ఆరోగ్యం

మనవలను సాకే తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మల ఒంటి మీద, మనసు మీద ఆ పని చూపే ప్రభావాన్ని పరిశీలించే అధ్యయన రంగం ఇది. వృద్ధాప్య శాస్త్రం, జనాభా శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, అర్థశాస్త్రం, పరిణామ జీవశాస్త్రం ఇందులో కలుస్తాయి. పెద్దల అండ ఉంటే పసిబిడ్డకు మేలు జరుగుతుందా అన్నది పాత ప్రశ్న. అండగా నిలబడిన పెద్దమనిషికి ఏమవుతుందన్నది శాస్త్రం ఆలస్యంగా అడిగిన ప్రశ్న. అరవై ఏళ్లు పైబడిన ఆడమనిషి రోజంతా చంటిబిడ్డను చంకన మోస్తే ఆమె నడుముకు, గుండెకు, నిద్రకు ఏమవుతుందో పెద్ద ఎత్తున కొలవడం 1990ల నుంచే ఊపందుకుంది.

పరిశోధకులు ఈ సాకుడులో మూడు తరహాలు చూస్తారు. తల్లిదండ్రులు బిడ్డ దగ్గరే ఉండగా అప్పుడప్పుడూ చూసిపెట్టడం ఒకటి. వాళ్లు ఉద్యోగానికో కూలికో వెళ్లి వచ్చేదాకా రోజూ చూసుకోవడం రెండోది. తల్లిదండ్రులు చనిపోయో, దూరమయ్యో, చేతకాని స్థితిలో పడో పెంపకం బరువు మొత్తం పెద్దల మీదే పడడం మూడోది. ఈ మూడింటి ఫలితాలు ఒకలా ఉండవు. మనవలతో గడిపితే ఆయుష్షు పెరుగుతుందని ఒక వార్త, గుండెజబ్బు వస్తుందని మరో వార్త కనబడడానికి ముఖ్య కారణం, ఏ తరహా మనుషులను కొలిచారో చెప్పకుండా ఫలితం మాత్రమే చెప్పడం.

పరిణామ శాస్త్రం వైపు నుంచి

ముట్లుడిగాక కూడా స్త్రీలకు దశాబ్దాల ఆయుష్షు మిగలడం జీవశాస్త్రంలో పాత చిక్కు. సంతానోత్పత్తి ఆగిపోయాక అంతకాలం బతికే జంతువులు చాలా అరుదు. వయసు మీరాక మళ్లీ కనడం కంటే అప్పటికే కన్న బిడ్డలను నిలబెట్టుకోవడం తల్లికి ఎక్కువ లాభమై ఉంటుందని అమెరికన్ శాస్త్రవేత్త జార్జ్ విలియమ్స్ 1957లో సూచించాడు. ఈ ఆలోచనకు ప్రాణం పోసింది టాంజానియా ఉత్తరాన ఎయాసీ సరస్సు పరిసరాల్లో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జనం మధ్య జరిగిన క్షేత్ర పరిశోధన. క్రిస్టెన్ హాక్స్, జేమ్స్ ఓకానెల్, నికోలస్ బ్లర్టన్ జోన్స్ అక్కడ ఎవరు ఎంతసేపు తవ్వుతున్నారో, ఎంత తిండి తెస్తున్నారో లెక్కగట్టారు. గట్టినేలలో లోతుగా ఉండే దుంపలను చిన్నపిల్లలు తవ్వలేరు. తల్లి కొత్తగా ప్రసవించి చంటిబిడ్డతో ఉన్నప్పుడు పై పిల్లల బరువు అమ్మమ్మలాంటి పెద్ద ఆడవాళ్ల తవ్వకం మీద ఆధారపడి ఉండడం వాళ్లు గమనించారు. ఈ బృందం 1998లో ప్రచురించిన వ్యాసంతో 'అమ్మమ్మ పరికల్పన' స్థిరపడింది.

తరవాత మిర్కా లాడెన్‌పెరా, విర్పి లుమ్మా తదితరులు ఫిన్లండ్, కెనడాల్లో పారిశ్రామిక యుగానికి ముందు బతికిన స్త్రీల చర్చి రికార్డులు తిరగేశారు. యాభై దాటాక ఒక స్త్రీ బతికిన ప్రతి పదేళ్లకూ ఆమెకు సగటున ఇద్దరు మనవలు అదనంగా ఉన్నారని 2004లో 'నేచర్' పత్రికలో రాశారు. రెబెకా సియర్, రూత్ మేస్ గాంబియా పల్లెల నుంచి దశాబ్దాల పాటు సేకరించిన వివరాలను పరిశీలిస్తే, తల్లి తల్లి బతికి ఉన్న ఇళ్లలో పాలు మరిచే వయసు పిల్లలు ఎక్కువగా దక్కారు. తండ్రి తల్లి విషయంలో అలాంటి తేడా కనబడలేదు. 45 జనసముదాయాల మీద వచ్చిన అధ్యయనాలను వీరిద్దరూ 2008లో క్రోడీకరించారు. అందులోనూ అమ్మమ్మ సాయం చాలాచోట్ల స్పష్టంగా కనబడింది. నాయనమ్మ సంగతి చోటును బట్టి మారింది. తాతల ప్రభావం తక్కువగా తేలింది. తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తీసుకువచ్చి, బాలింతను, బిడ్డను తల్లే చూసుకునే తెలుగు ఆచారం ఎరిగినవారికి ఈ ఫలితం వింతగా తోచదు. అయితే మన దగ్గర బిడ్డ పెరిగేది ఎక్కువగా నాయనమ్మ ఇంట్లో. అందుకే గాంబియా లెక్కను తెచ్చి ఇక్కడ నేరుగా అతికించడం సరికాదు.

మనుషులకు దీర్ఘాయువు ఎందుకు వచ్చి ఉంటుందో చెప్పే సిద్ధాంతం ఇది. ఈ రోజు హైదరాబాదులో మనవరాలిని బడికి దింపి వస్తున్న అరవై అయిదేళ్ల మనిషి ఆరోగ్యం దానివల్ల బాగుపడుతుందా అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేసే రాతలు చాలా వస్తున్నాయి. ఆ రెండో ప్రశ్నకు జవాబు జనాన్ని ఏళ్ల తరబడి వెంబడించి చూసిన సర్వేల్లోనే వెతకాలి.

బరువా, బలమా?

అమెరికాలో బెర్నీస్ న్యూగార్టెన్, కరోల్ వైన్‌స్టీన్ 1964లో 70 జంటల తాతలు, అమ్మమ్మలను పలకరించి, వాళ్ల తీరును అయిదు రకాలుగా విభజించారు: హద్దుల్లో ఉండేవారు, ఆటపాటలకు చేరేవారు, తల్లిదండ్రుల స్థానంలో నిలిచేవారు, కుటుంబ జ్ఞానానికి ఆధారమైనవారు, పండగకో పబ్బానికో కనబడేవారు. ఆరోగ్యం గురించి ఆ వ్యాసం పెద్దగా మాట్లాడలేదు. కానీ తాత పాత్ర ఒకటి కాదనీ, కొందరికి అది సుఖంగా ఉండదనీ మొదట గట్టిగా చెప్పిన రచనల్లో అదొకటి.

ఆ తరవాతి పరిశోధనంతా రెండు వాదాల మధ్య నడిచింది. ఒక మనిషి మీద పాత్రలు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుందని విలియం గూడ్ 1960లో వాదించాడు. పాత్రలు పెరిగితే పలుకుబడి, తోడు, బతుకుకో అర్థం కూడా పెరుగుతాయని సామ్ సీబర్ 1974లో బదులిచ్చాడు. మనవల పెంపకంలో ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే రోజున, ఒకే మనిషికి జరుగుతాయి. పొద్దున బిడ్డ నవ్వు చూసి కడుపు నిండిన అమ్మమ్మే సాయంత్రానికి మోకాళ్లు పట్టేసి మంచమెక్కుతుంది. ప్రశ్నావళులు ఈ రెండింటినీ విడిగా అడగడం మొదలుపెట్టాకే రంగం ముందుకు కదిలింది.

గంటల లెక్క

అందరినీ ఉలిక్కిపడేలా చేసిన ఫలితం 2003లో అమెరికా నర్సుల ఆరోగ్య అధ్యయనం నుంచి వచ్చింది. సున్మిన్ లీ, గ్రాహం కోల్డిట్జ్, లీసా బెర్క్‌మన్, ఇచిరో కవాచి 46 నుంచి 71 ఏళ్ల మధ్య వయసున్న 54,412 మంది స్త్రీలను 1992 నుంచి నాలుగేళ్లు గమనించారు. వారానికి తొమ్మిది గంటలు, అంతకు మించి మనవలను చూసుకునేవారిలో గుండె ధమనుల జబ్బు ముప్పు, అసలు చూసుకోనివారి కంటే 55 శాతం ఎక్కువగా తేలింది. ఆ పిల్లలకు జబ్బేమీ లేదు. ఇవన్నీ నర్సులుగా పనిచేసిన లేదా పనిచేస్తున్న స్త్రీల వివరాలు. వాళ్లలో చాలామంది ఉద్యోగం చేస్తూనే ఇంట్లో పిల్లలను చూసుకున్నవాళ్లు. తమకోసం వ్యాయామానికీ, డాక్టరు దగ్గరికి వెళ్లడానికీ తీరిక చిక్కకపోవడం, నిద్ర చాలకపోవడం కారణాలు కావచ్చని పరిశోధకులు భావించారు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది బెర్లిన్ వృద్ధాప్య అధ్యయనం. సోన్యా హిల్‌బ్రాండ్, డేవిడ్ కోల్, డెనిస్ గెర్‌స్టార్ఫ్, రాల్ఫ్ హెర్ట్‌విగ్ కలిసి 70 ఏళ్లు దాటిన 500 మందికి పైగా బెర్లిన్ వాసుల వివరాలు చూశారు. మొదటి పలకరింపు 1990లో మొదలైంది. ఎవరు ఎప్పుడు పోయారన్న సమాచారం 2009 దాకా ఉంది. అప్పుడప్పుడూ మనవలను చూసుకున్న తాతలు, అమ్మమ్మల్లో మరణాల ముప్పు, చూసుకోనివారి కంటే 37 శాతం తక్కువ. 2017లో అచ్చయిన ఈ ఫలితం ప్రపంచమంతా తిరిగింది. దానితోపాటు తిరగవలసిన రెండు ముక్కలు మాత్రం వెనకబడ్డాయి. ఇందులో పెంపకం బాధ్యత మొత్తం తమ మీద పడినవాళ్లు లేరు. పిల్లలు లేనివారైనా స్నేహితులకో ఇరుగుపొరుగుకో సాయపడుతుంటే వాళ్లూ ఎక్కువకాలం బతికారు. అంటే మేలు రక్తసంబంధంలోనే ఉందనడానికి వీల్లేదు; మరొకరికి పనికి రావడంలో కూడా ఉండి ఉండవచ్చు.

ఈ రెండు ఫలితాల మధ్య దారి చూపినవి మోతాదును కొలిచిన అధ్యయనాలు. మెల్‌బోర్న్‌లో కాసాండ్రా జోకే బృందం ముట్లుడిగిన 186 మంది స్త్రీలకు జ్ఞాపకశక్తి, చురుకుదనం పరీక్షలు పెట్టింది. వారంలో ఒక రోజు మనవలతో గడిపే అమ్మమ్మలు అందరికంటే బాగా చేశారు. అయిదు రోజులు, అంతకుమించి గడిపేవారు వెనకబడ్డారు. మనవలను ఎక్కువగా చూసుకునేవాళ్లలో, కన్నపిల్లలు తమ మీద మరీ ఎక్కువ భారం మోపుతున్నారన్న భావన ఎక్కువగా కనబడింది. ఈ చిన్న అధ్యయనంలో నాకు బాగా ఆసక్తి కలిగించే అంశం అదే: గంటల కంటే, కాదనే వీలు లేకపోవడమే మనిషిని ముందు అలసిపోయేలా చేస్తుందేమో చూడమని అది అడుగుతుంది.

చైనాలో ఫైనియన్ చెన్, గ్వాంగ్యా లియు 1991 నుంచి 2006 దాకా సాగిన ఆరోగ్య, పోషకాహార సర్వేతో ఇదే ప్రశ్నను పరీక్షించారు. బరువైన పెంపకం ఆరోగ్యం దిగజారడాన్ని వేగిరపరిచింది. తేలికపాటి పెంపకం కాపాడింది. అమెరికాలో మేరీ ఎలిజబెత్ హ్యూస్, లిండా వెయిట్ తదితరులు 2007లో ప్రచురించిన అధ్యయనం, మనవలను చూసుకోవడం వల్ల అందరికీ ఆరోగ్యం పాడవుతుందన్న భయానికి ఆధారం లేదని తేల్చింది. నష్టం కనబడినచోట, అది ఎక్కువగా తల్లిదండ్రులు లేకుండా తాత, అమ్మమ్మ, మనవలు మాత్రమే ఉన్న ఇళ్లలోనే కనబడింది.

యూరప్ అంతటా 2004లో మొదలైన 'షేర్' సర్వే ఈ రంగానికి మరో పెద్ద గని. కార్‌స్టెన్ హాంక్, ఇసబెల్లా బూబర్ అందులోని పది దేశాల వివరాలు చూస్తే, ఏడాది కాలంలో 58 శాతం అమ్మమ్మలు, నాయనమ్మలు, 49 శాతం తాతలు ఎంతో కొంత సాకుడు పని చేసినట్టు తేలింది. అయితే స్వీడన్, డెన్మార్క్‌లలో చాలామంది చేస్తారు గానీ అప్పుడప్పుడే చేస్తారు. ఇటలీ, గ్రీసు, స్పెయిన్‌లలో చేసేవారి సంఖ్య తక్కువ. చేసేవాళ్లు మాత్రం దాదాపు రోజూ చేస్తారు. కారణం ప్రేమలో తేడా కాదు. ఉత్తరాన ప్రభుత్వ శిశు సంరక్షణ కేంద్రాలు నిండుగా ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లది సరదా సాయం. దక్షిణాన అవి చాలవు కాబట్టి పెద్దవాళ్లే కేంద్రాలు. పెద్దల ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు అంగన్వాడీ, క్రెష్, బడి వేళల గురించి మాట్లాడక తప్పదని ఈ ఒక్క పోలికే చెబుతుంది.

ఏది ముందు?

ఈ అధ్యయనాలన్నిటినీ వెంటాడే అనుమానం ఒకటుంది. మనవలను చూసుకోవడం వల్ల ఆరోగ్యం బాగుందా, ఆరోగ్యం బాగున్నవాళ్లకే మనవలను అప్పగిస్తున్నారా? మంచాన పడ్డ తాతకు ఎవరూ పసివాణ్ని ఇచ్చి వెళ్లరు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు, కాస్త కలిగినవాళ్లు ముందే ఎంపికైపోయి ఉంటే, వాళ్లు ఎక్కువకాలం బతకడంలో విశేషమేముంది?

దీన్ని విడదీయడానికి పరిశోధకులు కొన్ని దారులు తొక్కారు. జార్జియో డి జెస్సా, కారెన్ గ్లేజర్, ఆంథియా టింకర్ పెద్దల బాల్యం, చదువు, పెళ్లి, ఉద్యోగ చరిత్ర అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. అయినా, మనవలను చూసుకునే స్త్రీల ఆరోగ్యం మెరుగ్గానే కనబడిందని 2016లో రాశారు. ఒకరిని ఇంకొకరితో కాకుండా, అదే మనిషిని ఆమె పాత ఆరోగ్యంతోనే పోల్చి చూడడం రెండో దారి. జర్మనీ వివరాలతో 2017లో ఈ పని చేసిన అటెస్‌కు అంతకుముందు కనబడిన మేలు దాదాపు కరిగిపోయినట్టు కనబడింది. మిర్కా డానియెల్స్‌బాకా బృందం 2019లో యూరప్ వివరాలను అలాగే చూసింది. మేలు ఎక్కువగా మనుషుల మధ్య ముందునుంచీ ఉన్న తేడాల నుంచే వస్తోందని తేలింది. అర్థశాస్త్రవేత్తలు జార్జియో బ్రునెల్లో, లొరెంజో రొక్కో మరో అడుగు వేశారు. పెద్దల ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా గంటలు పెరిగే సందర్భాలను ఎంచుకుని చూస్తే, అదనపు గంటలు కుంగుబాటును పెంచుతున్నాయని, ఆ పెరుగుదల తాతల్లో ఎక్కువని 2019లో చెప్పారు. అలవాటు లేని పని ముదిమిలో నెత్తిన పడడమే కారణం కావచ్చునని ఊహించవచ్చు.

చీటీ వేసి కొందరికి మనవలను పంచి, కొందరికి పంచకుండా ఉంచడం ఎవరివల్లా కాదు. కానీ పరాయి పిల్లలతో అలాంటి పరీక్ష జరిగింది. బాల్టిమోర్‌లో లిండా ఫ్రీడ్, మిషెల్ కార్ల్‌సన్ తదితరులు నడిపిన 'ఎక్స్‌పీరియన్స్ కోర్' కార్యక్రమంలో 60 ఏళ్లు దాటినవారు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వారానికి 15 గంటలు పిల్లలకు చదువు చెప్పారు, గ్రంథాలయం చూసుకున్నారు. 702 మందిని చీటీ పద్ధతిలోనే రెండు గుంపులు చేశారు. అందులో కొందరి మెదళ్లను రెండేళ్ల పాటు స్కాన్ చేసి చూశారు. 2015లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, బడికి వెళ్లిన మగవాళ్లలో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్ పరిమాణం కుంచించుకుపోకపోగా కొంచెం పెరిగింది. మిగతా గుంపులో వయసు తీరు ప్రకారం తగ్గింది. ఇక్కడ సాయం చేసినవారికి వేళలు ఉన్నాయి, శిక్షణ ఉంది, చిన్నపాటి భత్యం ఉంది, సాయంత్రం ఇంటికి వెళ్లే హక్కు ఉంది. ఇంట్లో సాకే పెద్దవాళ్లకు ఇవేవీ ఉండవు.

కోవిడ్ కాలం ఎవరూ కోరకుండానే మరో పరీక్ష పెట్టింది. ఇంగ్లండ్‌లో లాక్‌డౌన్ వల్ల మనవలను చూడడం తగ్గించినవారిలో, మానేసినవారిలో, మునుపటిలాగే కొనసాగించినవారి కంటే కుంగుబాటు లక్షణాలు ఎక్కువయ్యాయని డి జెస్సా, బోర్డోనె, ఆర్పినో గమనించారు. మోతాదు మించితే కీడు, అసలు లేకపోతే లోటు.

తల్లిదండ్రులు లేని ఇళ్లు

1980ల చివర అమెరికా నగరాల్లో క్రాక్ కొకైన్ వ్యసనం చెలరేగినప్పుడు వేలాది ఇళ్లలో అమ్మమ్మలే తల్లులయ్యారు. మెరెడిత్ మింక్లర్, క్యాథ్లీన్ రో ఓక్లండ్‌లో అలాంటి 71 మంది ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలతో మాట్లాడి 1993లో పుస్తకం రాశారు. వాళ్లలో చాలామంది తమ బీపీ, చక్కెర జబ్బుల గురించి ఎవరికీ చెప్పేవారు కాదు. పిల్లలను తమ దగ్గరనుంచి తీసుకుపోతారేమోనన్న భయం. మింక్లర్, ఎస్మే ఫుల్లర్-థామ్సన్ తరవాత జాతీయ సర్వేలతో పరిశీలిస్తే, పెంపకం బాధ్యత మొత్తం మోసేవారిలో కుంగుబాటు మిగతా పెద్దల కంటే దాదాపు రెట్టింపు ఉంది. మెట్లెక్కడం, ఇంటిపని వంటి రోజువారీ పనుల్లో ఇబ్బందులూ ఎక్కువే. అమెరికా జనాభా లెక్కల్లో ఈ ప్రశ్న మొదటిసారి 2000లో అడిగారు. 24 లక్షల మంది తాతలు, అమ్మమ్మలు తమ ఇంట్లోని మనవల బాధ్యత తమదేనని చెప్పారు. లెక్కలో చేరాకే నిధులు, కార్యక్రమాలు పుంజుకున్నాయి.

సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఎయిడ్స్ ఒక తరాన్ని మధ్యలోనే తుంచేసింది. బిడ్డలను పాతిపెట్టిన చేతులతోనే మనవలను పెంచిన అవ్వల ఆరోగ్యం గురించి రాసేటప్పుడు గంటల లెక్కకు అర్థం ఉండదు; దుఃఖం, దారిద్ర్యం, పెంపకం మూడూ పెనవేసుకుని ఉంటాయి. ఇక్కడ వెలుగు చూపిన అధ్యయనాల్లో ఎస్తేర్ డుఫ్లో 2003లో ప్రచురించినది ఒకటి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ముగిసే దశలో వృద్ధాప్య పింఛను నల్లజాతివారికీ సమానంగా అందడం మొదలైంది. పింఛను ఆడమనిషి చేతికి వచ్చిన ఇళ్లలో మనవరాళ్ల బరువు, పోషణ గణనీయంగా మెరుగుపడ్డాయి. తాత చేతికి వచ్చిన ఇళ్లలో ఆ మార్పు లేదు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలనెలా అవ్వల చేతికి చేరుతోంది. ఆ డబ్బులో ఎంత అవ్వ మందులకు, ఎంత మనవల పాలకు, బడికి పోతోందో ఇదే పద్ధతిలో చూడదగ్గ ప్రశ్న.

పెంపకానికి తోడ్పాటు

పెద్దలకు తోడ్పాటు ఇస్తే ఆరోగ్యం నిజంగా మారుతుందా అన్న ప్రశ్నకు జవాబులు ఉన్నాయి, అవి ఆశ కలిగించేవే. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో సూసన్ కెల్లీ 1995లో మొదలుపెట్టిన 'ప్రాజెక్ట్ హెల్దీ గ్రాండ్‌పేరెంట్స్' అట్లాంటా ప్రాంతంలో మనవలను పెంచుతున్న స్త్రీల ఇళ్లకు రిజిస్టర్డ్ నర్సులను, సామాజిక కార్యకర్తలను ఏడాది పాటు పంపింది. నర్సు వచ్చి ముందు అమ్మమ్మ బీపీ చూసేది. 529 మంది వివరాలతో 2010లో వచ్చిన ఫలితాల్లో వాళ్ల ఆరోగ్య అలవాట్లు, హుషారు, మానసిక స్థితి మెరుగుపడ్డాయి. బిడ్డ కోసం వచ్చే కార్యకర్త పెద్దావిడ చేయి కూడా పట్టుకుని చూడడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని. మన పల్లెల్లో బాలింతను చూడడానికి గడప తొక్కే ఆశా కార్యకర్తకూ ఏఎన్‌ఎంకూ ఆ అవకాశం ప్రతి ఇంట్లోనూ ఉంది.

రెండో తరహా తోడ్పాటు పెంపకం పాఠాలు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లండ్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ శాండర్స్ రూపొందించిన 'ట్రిపుల్ పి' కార్యక్రమానికి జేమ్స్ కర్బీ తాతలు, అమ్మమ్మల కోసం ప్రత్యేక రూపం తయారుచేశాడు. కర్బీ, శాండర్స్ కలిసి 54 మందితో చేసిన పరీక్ష 2014లో వెలువడింది. పిల్లల మంకుతనం తగ్గింది; పెద్దల ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి తగ్గాయి. ఈ పాఠాలు పిల్లల గురించే కాదు, పిల్లల తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలన్న దాని గురించి కూడా. పాలు ఎప్పుడు మాన్పించాలి, ఫోను చూపించవచ్చా, అన్నం తినిపించాలా తననే తిననివ్వాలా అని కోడలితోనో కూతురితోనో వచ్చే చిన్న చిన్న మాటపట్టింపులే పెద్దల మనసును ఎక్కువగా తినేస్తాయని పరిశోధకులు గుర్తించారు. ఇంట్లో ఒకే కప్పు కింద మూడు తరాలు ఉండే సమాజాలకు ఈ పాఠం మరింత అవసరం.

గ్రెగరీ స్మిత్, బర్ట్ హేస్లిప్ తదితరులు అమెరికాలో మనవల బాధ్యత మొత్తం మోస్తున్న 343 మంది స్త్రీలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు పెంపకం శిక్షణ, ఇంకో గుంపుకు ఆలోచన తీరును మార్చే మానసిక చికిత్స, మూడో గుంపుకు సమాచారం మాత్రమే. శిక్షణ, చికిత్స రెండూ ఉత్త సమాచారం కంటే మెరుగ్గా పనిచేశాయి.

టీకాలు, అంటురోగాలు

పసిపిల్లల ముక్కు చీమిడి పెద్దలకు జలుబుగా, న్యుమోనియాగా తగులుకోవడం అందరూ చూసేదే. ఈ దారిని పిల్లల వైపు నుంచే మూసేయవచ్చునని జపాను చూపింది. అక్కడ 1960ల నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకా వేసేవారు. 1987లో తల్లిదండ్రులు వద్దనే వీలు కల్పించారు, 1994లో కార్యక్రమం ఆగింది. థామస్ రైచెర్ట్ బృందం 2001లో మరణాల లెక్క తీస్తే, పిల్లలకు టీకా వేసిన కాలంలో ఏటా 37,000 నుంచి 49,000 మరణాలు తప్పాయని, వాటిలో అత్యధికం పెద్దవాళ్లవని అంచనా వచ్చింది. అమెరికాలో 2000 నుంచి శిశువులకు న్యుమోకాకల్ టీకా మొదలయ్యాక, ఆ టీకా వేసుకోని 65 ఏళ్లు దాటినవారిలో కూడా తీవ్రమైన న్యుమోకాకల్ జబ్బు తగ్గింది.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. లండన్‌లో సారా థామస్ బృందం 2002లో 'లాన్సెట్'లో రాసిన దాని ప్రకారం, పిల్లలతో ఎక్కువగా కలిసి మెలిసే పెద్దలకు సర్పి వచ్చే అవకాశం తక్కువ. పిల్లల ఆటలమ్మ వైరస్ మళ్లీమళ్లీ సోకుతూ పెద్దల రక్షణ శక్తిని మేలుకొలుపుతూ ఉంటుందన్నది దాని వెనకున్న వివరణ.

చట్టం, సొమ్ము

బ్రిటన్‌లో 2011 నుంచి పన్నెండేళ్ల లోపు మనవలను చూసుకునే, ఇంకా పింఛను వయసు రాని పెద్దలకు జాతీయ బీమా క్రెడిట్లు జమవుతాయి. హంగరీ 2020 నుంచి తాతలు, అమ్మమ్మలకు శిశు సంరక్షణ భత్యం ఇస్తోంది. సియోల్ నగరం 2023 సెప్టెంబరు నుంచి రెండు, మూడేళ్ల మధ్య పిల్లలను నెలకు 40 గంటలు చూసుకునేవారికి మూడు లక్షల వాన్‌లు ఇస్తోంది. స్వీడన్‌లో 2024 జులై నుంచి తల్లిదండ్రుల సెలవులో కొన్ని రోజులను పెద్దలకు బదిలీ చేయవచ్చు. వీటిలో చాలావరకు తల్లి ఉద్యోగం నిలబడడం కోసం వచ్చిన చట్టాలు. పెద్దల ఆరోగ్యాన్ని నేరుగా పట్టించుకున్నది 2018లో అమెరికా చేసిన మనవలను పెంచే పెద్దలకు మద్దతు చట్టం. దాని కింద ఏర్పడిన సలహా మండలి, వాళ్ల శారీరక, మానసిక ఆరోగ్య అవసరాలను కూడా చూడాలని ఆ చట్టం చెప్పింది. మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లలు పెద్దలను చూడాలని చెబుతుంది. పెద్దలు పిల్లల బిడ్డలను చూస్తున్న సంగతి అందులో ప్రస్తావనకు రాదు.

వలస వెళ్లిన ఇళ్లు

చైనాలో పల్లెల నుంచి నగరాలకు వలస వెళ్లినవారి పిల్లలను ఊళ్లో పెద్దవాళ్లే పెంచుతారు. 2010 జనాభా లెక్కల ఆధారంగా అక్కడి మహిళా సమాఖ్య వేసిన అంచనా ప్రకారం అలా ఊళ్లో మిగిలిన పిల్లలు ఆరు కోట్లకు పైనే. అన్హుయి రాష్ట్రంలో చావోహు ప్రాంతంలో మెరిల్ సిల్వర్‌స్టీన్, జెన్ కాంగ్, షూజువో లీ 2001లో అరవై దాటినవారి వివరాలు సేకరించారు. మనవలతో మాత్రమే ఉంటున్న పెద్దల మనఃస్థితి, ఒకే తరం ఉన్న ఇళ్లలోని పెద్దల కంటే మెరుగ్గా కనబడింది. ఆ తేడాలో చాలా భాగం పట్నం నుంచి కొడుకులు పంపే డబ్బుతోనే వివరించవచ్చని వాళ్లు చూపారు. సాకుడుకు ప్రతిఫలం అందుతున్నదన్న భావన ఉన్నచోట పెద్దలు నిలబడతారు.

తెలుగు నేల మీద ఈ బొమ్మకు పోలికలు కావాలంటే వెతకనక్కరలేదు. పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట పనులకు కదిలినప్పుడు బడి ఈడు పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఆగిపోతారు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల మగవాళ్లు, కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు గల్ఫ్‌కు వెళ్తారు. గోదావరి ఇళ్లలో తల్లి కువైట్‌లో వేరొకరి పిల్లలను చూసుకుంటుంటే, ఆమె పిల్లలను అమ్మమ్మ చూసుకుంటుంది. తండ్రి వలస వెళ్లిన ఇంటికీ, తల్లి వెళ్లిన ఇంటికీ పెద్దల మీద పడే బరువులో చాలా తేడా ఉంటుంది కాబట్టి ఈ రెండింటినీ కలిపి లెక్కించడం తప్పు.

ఇక విమానమెక్కే అమ్మమ్మలు. స్విట్జర్లండ్‌లో మిహైలా నెదెల్కు, ఆస్ట్రేలియాలో లొరెట్టా బల్డసార్ వంటి సామాజిక శాస్త్రవేత్తలు, సంతానం ఉన్న దేశానికి వచ్చిపోతూ మనవలను సాకే పెద్దలను ఒక ప్రత్యేక తరగతిగా పరిశీలించారు. అమెరికాకు పురుడు పోయడానికి వెళ్లే తెలుగు తల్లులు ఈ కోవలోకే వస్తారు. సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ గడువు ముగిసే వేళకు ఈమె తిరిగి వెళ్లాలి, వియ్యపురాలు రావాలి. అక్కడి మెడికేర్ వీళ్లకు వర్తించదు. సందర్శకుల బీమాల్లో చాలావాటికి పాత జబ్బులతో పేచీ ఉంది. అందుకే ఆరు నెలలకు సరిపడా బీపీ, చక్కెర మాత్రలు సూట్‌కేసులో కట్టుకుని బయల్దేరతారు. చలికాలంలో కారు నడపడం రాని పెద్దావిడకు ఇంటి గడపే సరిహద్దు. పోనీ కెనడా 2011లో తెచ్చిన సూపర్ వీసా ఎక్కువకాలం ఉండనిస్తుంది. దానికి కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా చూపాలి.

భారతదేశంలో 45 ఏళ్లు దాటినవారిని ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ పలకరించడానికి ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 'లాసీ' సర్వే మొదలుపెట్టింది. 2017-18లో జరిగిన మొదటి విడతలో 72 వేల మందికి పైగా పాల్గొన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. అదే మనుషుల దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు, మధ్యకాలంలో మనవడు పుట్టిన అవ్వను ఆమె పాత బీపీతో, పాత నడకతో, పాత నిద్రతో పోల్చి చూడవచ్చు. జర్మనీ, యూరప్ అధ్యయనాల్లో కరిగిపోయిన మేలు ఇక్కడ కరుగుతుందో, నిలుస్తుందో చెప్పగల పద్ధతి అదే. పల్లెలో పింఛను మీద బతికే అవ్వను, పట్నంలో అపార్ట్‌మెంట్ తలుపు వెనక పసిబిడ్డతో ఒక్కతే ఉండే నాయనమ్మను, డల్లాస్‌లో ఆరు నెలలు గడిపి వచ్చే అమ్మమ్మను విడివిడిగా లెక్కించాలి.